బెదురు పాలు

మా పక్క వీధిలో ఒక పిల్లతల్లికి ఊరికే గుండె దడ వస్తోందనీ, ఊపిరాడక కూలబడిపోతోందనీ, అందుకని ఆమె చంటిదానికి పాలు మాన్పించేశారనీ మొన్న బియ్యం చెరుగుతుంటే విన్నాను. చెప్పినావిడ మంచి పనే చేశారన్నట్టు చెప్పింది. నేను చేట పక్కన పెట్టి ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్ళాను. వాళ్ళ అత్తగారు అరుగు మీద కూర్చుని ఉంది. నమస్కారం పెట్టి, పప్పు చేబదులు కోసం వచ్చినట్టు ఏదో అడిగి, వెనక్కి వచ్చేశాను. ఆ మనిషి ఎదురుగా చెప్పగలిగే మాటలు కావు నావి. మా నాన్న కోటవురట్లలో బడిపంతులు కాబట్టి నాకు ఐదో తరగతి దాకా చదువు వచ్చింది. నోటితో చెప్పలేనిది రాస్తాను. ఎవరో ఒకరు ఆమెకి చదివి వినిపిస్తారు.

నాకోసం కూడా రాస్తున్నాను. నాకు నెమ్మదించి చాలా కాలమైంది. యుద్ధం కూడా అయిపోయింది. అయినా ఆ ఏడాది తలుచుకుంటే నాకు ఏడుపూ రాదు, కోపమూ రాదు. ఎవరింట్లోనో జరిగింది ఎవరో చెబుతుంటే విన్నట్టు ఉంటుంది. అలా ఉండటం మంచిదో కాదో నాకు తెలియదు.

బాంబులు పడిన ఏడు, చైత్రం

మా ఇల్లు అనకాపల్లి ఊరి చివర, చెరకు పొలాలు మొదలయ్యే చోట. అత్తగారు నాకు పరాయి మనిషి కాదు, మా నాన్నకి స్వయానా అక్క. పుట్టినప్పటి నుంచీ నాకు అత్తే. ఆమె కొడుకు, మా బావ, నా భర్త. ఇంకా బావ తమ్ముడూ, అతని పెళ్ళాం పైడమ్మా, నా ఇద్దరు ఆడపిల్లలూ, ఒళ్ళో అప్పన్నా. అప్పన్నకి అప్పుడు నెలల ప్రాయం. పశువుల పని పైడమ్మది, వంట నాది, అజమాయిషీ అత్తది.

విశాఖపట్నం మీద బాంబులు పడగానే అక్కడున్న చుట్టాలు మూటాముల్లే కట్టుకుని మా ఇంటికి వచ్చారు. చుట్టరికం అనే మాట ఎంత దూరం సాగుతుందో నాకు అప్పుడే తెలిసింది. అరుగు మీద మనుషులు, వసారాలో మనుషులు, పశువుల శాలలో కూడా మనుషులు. ఒక పంక్తి లేచేసరికి ఇంకో పంక్తి కూర్చునేది. పొయ్యి ఆరేది కాదు. నా ఆడపిల్లలు తలలు చిక్కులు పడి తిరిగేవాళ్ళు, దువ్వే తీరిక నాకు లేదు. వాళ్ళని తప్పుపట్టడం లేదు. ప్రాణం ఎవరికైనా తీపే.

ఒకరోజు విమానం చప్పుడు వినిపించి అందరూ చెరకు తోటలోకి పరుగెత్తారు. అన్నం ఉడుకుతోంది, నేను వెళ్ళలేదు. అప్పుడు నాకు భయం వేయలేదు. భయం కొన్నాళ్ళాగి, ఏ చప్పుడూ లేని మధ్యాహ్నం వచ్చింది. పంక్తిలో మజ్జిగ పోస్తున్నాను. వేళ్ళ చివర్లు చిమచిమలాడాయి. పెదవులు మొద్దుబారాయి. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది. ఊపిరి పీల్చేకొద్దీ చాలదు. వేళ్ళు వాటంతట అవే వంకర్లు పోయి గరిటె జారిపోయింది.

"ఏటే అలా నిలబడిపోయేవు, మజ్జిగొయ్యి" అంది విస్తరి ముందున్న ముసలావిడ.

"అత్తా, నాను సచ్చిపోతన్నాను" అన్నాను.

"పంతిలోన అలాటి మాటలేటే" అని అత్త నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి తగ్గిపోయింది. నేను లేచి గిన్నెలు తోమాను. 

ఆషాఢం

మళ్ళీ మళ్ళీ వచ్చింది. బావి దగ్గర వచ్చింది, రోలు దగ్గర వచ్చింది. దిష్టి తీశారు. తాయెత్తు కట్టించారు. నూకాలమ్మకి మొక్కారు. చివరికి బావ బండి కట్టి నన్నూ చంటివాణ్ణీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ మగవాళ్ళకి బల్లలు, ఆడవాళ్ళకి వరండా నేల. వాన జల్లు లోపలికి కొడుతుంటే అందరం గోడకి అతుక్కుని కూర్చున్నాం. నా పక్కన రాజయ్యపేట నుంచి వచ్చిన ఒక బెస్తావిడ. ఆమె మొగుడికి కాలు పుండు పడి వాచిపోయింది. అతన్ని పడుకోబెట్టుకుని వచ్చినప్పటి నుంచీ వాళ్ళ పిలుపు కోసం తలుపు వైపే చూస్తోంది.

ఎదురు చూడటం నాకు పడదు. పనిలో ఉంటే ఏమో గాని, ఒట్టినే కూర్చుంటే ఒళ్ళంతా చెవులవుతుంది. దడ మొదలైంది. ఆవిడ నా ముఖం చూసి, అడగకుండానే నా ఒళ్ళో పిల్లవాణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది. తన పాదం తెచ్చి నా పాదం మీద పెట్టి అలా ఉంచింది.

"పోద్దిలే బిడ్డా. వచ్చింది పోద్ది. పోయేదాక నాను ఇక్కడే కూకుంటాను" అంది.

అంతలో లోపలి నుంచి ఆమె మొగుడి పేరు పిలిచారు. ఆవిడ కదల్లేదు. మళ్ళీ పిలిచారు. "తరవాతొత్తాం బాబూ" అని అక్కడి నుంచే చెప్పి, నా పాదం మీద పాదం తీయలేదు. వాళ్ళ వంతు వెనక్కి పోయింది. అతను మూలుగుతూనే ఉన్నాడు, ఆమెని ఒక్క మాట అనలేదు. వాళ్ళ పేర్లేమిటో నేను అడగలేదు. ఆ కాలు ఏమైందో కూడా తెలియదు.

డాక్టరుగారు నెమ్మదస్తుడు. గొట్టం పెట్టి విన్నాడు, కనురెప్పలు తిప్పి చూశాడు. "గుండె గట్టిగానే ఉందమ్మా. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. బాగా అలిసిపోయావు. పని తగ్గించుకో" అని బలానికి ఎర్రమందు ఇచ్చాడు. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు.

తిరిగి వస్తుంటే బావ ముఖం తేటపడింది. దారిలో కనపడిన ప్రతివాడికీ "ఏటీ నేదంట మావా, ఏటీ నేదంట" అని చెప్పాడు. ఇల్లు చేరేసరికి నా జబ్బుకి అదే పేరైపోయింది. జ్వరమైతే నుదుటి మీద చెయ్యి వేయించి చూపించవచ్చు. పుండైతే కట్టు విప్పి చూపించవచ్చు. ఏమీ లేనిదాన్ని ఎవరికి చూపిస్తాం. ఆ తరవాత దడ వచ్చిన ప్రతిసారీ బావ ఒక్క మాటే అనేవాడు. "డాట్రుగారు ఏటీ నేదన్నారు గదే." తిట్టినట్టు కాదు, బతిమాలినట్టు.

శ్రావణం నుంచి దసరా దాకా

అత్త మాత్రం డాక్టరు మాట గట్టిగా పట్టుకుంది. "పని తగ్గించుకోమన్నాడు గదా. నీకు పొగ పడతన్నాది కాదు. రేపట్నించీ పొయ్యికాడికి రామాక. పైడి వండుద్ది. నువ్వు గుంటణ్ణి సూసుకో, కూకో" అంది. నా మంచికే అంది, అందులో అనుమానం లేదు. కోడల్ని కూర్చోబెట్టి అన్నం పెట్టే అత్తలు మా వీధిలో ఎంతమంది ఉన్నారు. ఆడపిల్లలిద్దరూ కూడా నేను కూర్చోవడం చూసి సంబరపడ్డారు.

కూర్చున్నాక దడ రోజూ రావడం మొదలుపెట్టింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. సుఖపడితే జబ్బు ముదురుతుందా అని పైడమ్మ విసుక్కుంది. పొగలో పడి వండుతున్నది తను, పడిపోతున్నది నేను. ఆమె విసుక్కోవడం న్యాయమే.

ఒక పొద్దున్న అప్పన్నకి పాలిస్తున్నాను. వాడు సగం తాగాడు. వేళ్ళు వంకర్లు పోయాయి, చేతులు నా మాట వినలేదు. వాడు నా ఒళ్ళోంచి జారి నేల మీద పడ్డాడు. నుదురు బొప్పి కట్టింది, అంతకంటే ఏం కాలేదు. కాని అత్త గడపలో నిలబడి చూసింది.

మా వైపు పెద్దవాళ్ళు అనుకునే మాట ఒకటి ఉంది. బెదురు మనిషి పాలు బెదురు పాలనీ, అవి తాగిన బిడ్డకి తల్లి బెదురు ఎక్కుతుందనీ. అప్పన్న నిద్రలో ఉలిక్కిపడేవాడు. నిద్రలో ఉలిక్కిపడని పసివాణ్ణి నేను చూడలేదు, కాని ఆ రోజు నుంచి వాడు ఉలిక్కిపడిన ప్రతిసారీ ఇంట్లో అందరూ నావైపు చూసేవాళ్ళు.

"గుంటడికి పాలు మానిపించీయాల" అంది అత్త. "నా మాటిను. నీ మీద కోపంతోటి కాదే."

బావ కేసి చూశాను. "అమ్మ సెప్పింది గదా" అన్నాడు.

అత్త వేపాకు నూరి నా రొమ్ముకి రాసింది. అప్పన్న వచ్చి నోరు పెట్టి, వెనక్కి తీసి, నా ముఖం చూశాడు. ఏడవలేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆ తరవాత ఏడ్చాడు. అత్త వాణ్ణి ఎత్తుకుని ఆవుపాలు పట్టించడానికి తీసుకుపోయింది. ఆ రోజు నుంచి వాడి పడక కూడా ఆమె పక్కనే. పాలు ఇంకిపోవడానికి రొమ్ముకి మల్లెపూలు కట్టమన్నారు. మల్లెల కాలం దాటిపోయింది, అయినా బావ ఎక్కడెక్కడో తిరిగి తెచ్చాడు. పాల సలుపుతో జ్వరం వచ్చి, ఒంట్లో వేడికి పూలు వాడిపోయి గోధుమరంగుకి తిరిగేవి. ఇప్పటికీ నేను తలలో మల్లెపూలు పెట్టుకోను. ఒట్టేమీ పెట్టుకోలేదు, పెట్టుకోబుద్ధి కాదు.

పాలు పోయాక నాకు మనసులో కూడా ఏదో ఇంకిపోయింది. వాడు గుమ్మంలో పాకుతుంటే చూసేదాన్ని. ఎత్తుకోవాలని కూడా అనిపించేది కాదు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అప్పుడే ఇంకో మాట వచ్చింది. దసరాకి మా నాన్న వస్తాడు, ఆయనతో నన్ను కోటవురట్ల పంపించేస్తారు. తగ్గేదాకా. పిల్లలు ఇక్కడే ఉంటారు. తగ్గేదాకా అనే మాటకి గడువు లేదని నాకు తెలుసు. మా ఊళ్ళోనే అలా తగ్గేదాకా పుట్టింటికి వచ్చిన మనిషిని ఎరుగుదును. ఆమె పిల్లలు పెళ్ళిళ్ళకి వచ్చినప్పుడు ఆమెని పిన్ని అని పిలిచేవాళ్ళు.

నాన్న వచ్చాడు. పంచె అంచు వేళ్ళకి చుట్టుకుంటూ నా ఎదురుగా కూర్చున్నాడు. బడిలో పిల్లలు వణికిపోయే మనిషి, అక్క ముందు ఒకటో తరగతి. "అక్క అందరి మంచీ సూసే సెప్తాది కదమ్మా" అన్నాడు. సరే అన్నాను. పెట్టె సర్దుకోమంటే సర్దుకున్నాను. అప్పన్న చొక్కా ఒకటి అందులో పెట్టుకోబోయి, వాడికి కావాలి కదా అని తీసేశాను.

కార్తీకం

నన్ను ఆపింది పైడమ్మ జ్వరం. మేం బయలుదేరవలసిన నాటికి ఆమెకి చలిజ్వరం వచ్చి మంచం పట్టింది. పట్నం చుట్టాలు సగం మంది వెళ్ళిపోయినా ఇంకా ఇంటినిండా నోళ్ళున్నాయి. వండేవాళ్ళు లేరు. నాన్న ఒక్కడూ తిరిగి వెళ్ళాడు, నేను పొయ్యి దగ్గరికి వచ్చాను.

యుద్ధం రోజుల్లో అగ్గిపెట్టె దొరికేది కాదు, కిరసనాయిలు అంతకంటే దొరికేది కాదు. రాత్రి నిప్పుల మీద బూడిద కప్పి, పొద్దున్న ఊదుగొట్టంతో ఊది లేపాలి. తడిసిన చెరకు ఆకు ఒక పట్టాన అంటుకోదు. కంగారుపడి గబగబా ఊదితే బూడిద లేచి కళ్ళలో పడుతుంది. ముక్కుతో నిదానంగా పీల్చి, గొట్టంలోకి సన్నగా, పొడుగ్గా, ఆగకుండా వదలాలి. నిప్పు ఎర్రబడేదాకా అలా వదులుతూ ఉండాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, పరికిణీ కట్టిన నాటి నుంచీ చేసే పనే.

ఒక పొద్దున్న పొయ్యి ముందు కూర్చోగానే వేళ్ళు చిమచిమలాడాయి. వచ్చిందిరా అనుకున్నాను. కాని గంజికి వేళైంది, ఊదకుండా కుదరదు. ఊదాను. మంట అంటుకునేసరికి చూసుకుంటే వేళ్ళు మామూలుగా ఉన్నాయి. పట్టించుకోలేదు. మర్నాడూ అంతే. ఇంకొన్నాళ్ళకి పిండి కలుపుతూ ఉండగా తట్టింది. చుట్టాలంతా ఉన్నన్నాళ్ళూ పొయ్యి ఆరలేదు, నేను ఊదలేదు. అత్త పొయ్యి దగ్గరికి రావద్దంది, నేను ఊదలేదు. అందరూ పొగని తిట్టారు. నేనూ తిట్టాను. పొగతో పాటు ఆ ఊదటాన్ని కూడా నాకు దూరం చేశారు.

సంతోషపడ్డానా అంటే లేదు. తాళంచెవి ఇంట్లోనే ఉండగా ఊరంతా వెతికినట్టు అనిపించింది, అంతే.

తరవాత గొట్టం లేకుండా చేసి చూశాను. పిడికిలి గొట్టంలా పట్టుకుని దాని గుండా వదిలేదాన్ని. చేతిలో పని ఉంటే ఒట్టి పెదవులతోనే, పాలు పితుకుతూ, పిల్లల తల చిక్కు తీస్తూ, పేడ తీస్తూ. పెద్దది అడిగింది, "ఏటమ్మా, నా జడలోన ఊదతన్నావు?" అని. పేలు చచ్చిపోతాయన్నాను. చాలా రోజులు నమ్మింది.

బావ ఒకసారి చూసి, "ఏటే అది, ఈలేత్తన్నావా?" అన్నాడు.

లోపలి నుంచి అత్త, "ఆడది ఈలేత్తే ఇంట్లోన గింజ నిలవదు" అంది.

చప్పుడు రాకుండా చేయడం నేర్చుకున్నాను.

పక్క వీధి అమ్మాయికి నేను చెప్పేది ఇదే. దడ రాకుండా పోతుందని చెప్పను, నాకూ పోలేదు. వస్తుంది. వచ్చినప్పుడు గాలి చాలడం లేదని గబగబా పీల్చకు, పీల్చేకొద్దీ వేళ్ళు వంకర్లు పోతాయి. వదలడం మీద ఉండు. పొడుగ్గా వదులు. పిల్లని ముందు కింద పడుకోబెట్టు, ఆ తరవాత వదులు. నీ పాలకి ఏమీ కాలేదు.

మాఘం

పైడమ్మ లేచి తిరగడం మొదలుపెట్టాక కోటవురట్ల మాట మళ్ళీ వచ్చింది. నేను అత్త దగ్గరికి వెళ్ళి, "నాను బాగున్నాను. నన్ను పంపొద్దు. గుంటణ్ణి నాకిచ్చీయి" అన్నాను. పెళ్ళయ్యాక ఆమెని ఏదైనా అడగడం అదే మొదలు.

అత్త నా చేతుల కేసి చూసింది. "నీకు తగ్గినట్టు నాకు అవుపడాల" అంది.

"ఎలా అవుపడుద్ది?"

"పనిలోనుంటే నువ్వు మరిసిపోతన్నావు. ఒట్టి సేతుల్తోటి కూకున్నప్పుడు సూడాల. బైటున్నప్పుడు సూత్తాను."

మా ఇంట్లో నెలసరి మూడు రోజులూ ఆడవాళ్ళు పెరట్లో గడ్డివామి పక్కనున్న పాకలో ఉండాలి. పని ఉండదు, ఏదీ ముట్టుకోకూడదు. పాలు మాన్పించాక నాకు నెలసరి మళ్ళీ మొదలైంది. దడ అన్నిటికంటే ఎక్కువ వచ్చేది ఆ పాకలోనే. అత్తకి అది తెలుసు. చూడవలసిన చోటే చూస్తానంది.

మాఘంలో బయట కూర్చున్నాను. పొలంలో బెల్లం వండుతున్నారు, మగవాళ్ళంతా అక్కడే. గాలి నిండా పాకం వాసన. మొదటి రోజు గడిచిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం అత్త పెరటి మెట్టు మీద చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తూ కూర్చుంది. అప్పన్న ఆమె పక్కన నిలబడి ఉన్నాడు. అప్పటికి నడక వచ్చింది వాడికి. అత్త వాడికి ఎర్ర చొక్కా వేసింది. వాణ్ణి అంత దగ్గరగా చూస్తూ ముట్టుకోకుండా కూర్చోవాలి. పరీక్ష అనుకునే పెట్టిందో, తోచక వచ్చి కూర్చుందో నాకు ఇప్పటికీ తెలియదు.

దడ వచ్చింది. గట్టిగా వచ్చింది. ఇప్పుడు దొరికిపోతే కోటవురట్లే అనుకున్నాను, అనుకున్నకొద్దీ పెరిగింది. ముఖం తిప్పుకుందామంటే ఆమె చూస్తూనే ఉంది. ఇంక దాచలేక పిడికిలి నోటికి ఆనించి వదలడం మొదలుపెట్టాను. చప్పుడు వచ్చిందేమో కూడా తెలియదు. వదిలాను. మళ్ళీ వదిలాను. వేళ్ళు కాస్త వంగి, అక్కడే ఆగి, నెమ్మదిగా విచ్చుకున్నాయి. తల ఎత్తేసరికి అత్త చేతిలో చింతపండు అలాగే ఉంది.

"వచ్చిందా?" అంది.

లేదని చెప్పవచ్చు. "వచ్చింది" అన్నాను.

"పోయిందా?"

"పోయింది."

అత్త చేతులు చెంగుకి తుడుచుకుంది. అప్పన్నని దగ్గరికి లాక్కుని వాడి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టింది. బయటున్న మనిషి దగ్గరికి ఒంటి మీద బట్టతో పిల్లలు వెళ్ళకూడదు. బట్ట లేని పసివాడికి మైల అంటదు. పాలు తాగే బిడ్డల్ని అలాగే విప్పి తల్లుల దగ్గరికి వదులుతారు. ఒక్కో గుండీ విప్పుతుంటే చూస్తూ కూర్చున్నాను. మొలతాడు ఒక్కటీ ఉంచి, వీపు మీద చెయ్యి వేసి చిన్నగా తోసింది.

"పోరా, మీ యమ్మకాడికి పో."

వాడు కొంత దూరం వచ్చి ఆగాడు. గడ్డివామి దగ్గర కట్టిన దూడని చూశాడు. నన్ను చూశాడు. వెనక్కి తిరిగి అత్తని చూశాడు. నేను చేతులు చాచలేదు, చాస్తే భయపడతాడేమోనని. చాలాసేపటికి వచ్చి నా మోకాలు పట్టుకుని, ఒళ్ళోకి ఎక్కాడు.

ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. వాడి ఒంటికి అత్త నూనె వాసన వేస్తోంది. గడ్డిపోచ ఒకటి పట్టుకుని కాసేపు ఆడి, తల నా రొమ్ముకి ఆనించాడు. నోరు పెట్టలేదు. పాలు అనేవి అక్కడ ఉండేవని వాడు మరిచిపోయాడు.

"సలేత్తాది, సెంగు కప్పు" అంది అత్త. చొక్కా మడిచి తన ఒళ్ళో పెట్టుకుంది. "రేత్రి కూడా నీకాడే పడుకుంటాడు."

వాడి మీద చెంగు కప్పాను. వాడు నిద్రపోయాడు. ఉలిక్కిపడతాడేమోనని పొద్దుగూకేదాకా అత్త అక్కడా, నేను ఇక్కడా కూర్చుని చూశాం.